ఒక రాత్రి నానిన ఖూబానీ

మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిచేవారికి బేగం బజారు ఎటున్నదో ఎవరూ చెప్పనక్కరలేదు. కొంతదూరం పోగానే ఎండుమిర్చి ఘాటు, పసుపు, జీలకర్ర, కొత్త గోనెసంచులు కలగలిసిన వాసనే దారి చూపుతుంది. సిద్ది అంబర్ బజారు మలుపు తిరిగితే రెండువైపులా దుకాణాలు. వాటి ముందు మూతులు మడిచిన సంచుల్లో బాదం, పిస్తా, అంజీర్, నల్ల కిస్మిస్, ఖర్జూరం. తోపుడుబండ్లు, హమాలీల కేకలు, స్కూటర్ల హారన్లు. ఈ సందడి మధ్య, ఒక మూల సంచిలో, చూడటానికి ఏమాత్రం ఆకర్షణ లేని చిన్న గోధుమరంగు కాయలు ముడతలు పడి పడి ఉంటాయి. తెలియనివారు వాటిని పాడైపోయిన సరుకని అనుకుంటారు. నేను కర్నూలు నుంచి అయిదు గంటలు ప్రయాణం చేసి వచ్చింది ఆ కాయల కోసమే.

అవి ఖూబానీలు. తెలుగులో జల్దారు పండు అంటారు. పారసీలో దీనికి జర్దాలూ అని మరో పేరున్నది; పసుపుపచ్చని ఆలూ పండు అని అర్థం. హైదరాబాదీ దావత్‌కు వెళ్లినవారెవరికైనా 'ఖూబానీ కా మీఠా' పరిచయమే. బిర్యానీ తరువాత చిన్న గిన్నెలో, పైన మీగడతో వచ్చే ముదురు కాషాయరంగు తీపి అది. కానీ ఇంట్లో వండుకునేవారు క్రమంగా తగ్గిపోతున్నారు. మా ఇంట్లో సైతం అమ్మమ్మ కాలంతోనే అది ఆగిపోయింది. ఆ ఆదివారం మా అమ్మాయి నిఖా మాటలు ఖాయం చేసుకోవడానికి వియ్యాలవారు భోజనానికి రానున్నారు. అమ్మీ ఒకే ఒక్క కోరిక కోరింది.

"దస్తర్‌ఖాన్ మీద మా అమ్మ చేసినటువంటి ఖూబానీ ఉండాలి."

అమ్మీకి డెబ్బయ్యేళ్లు. చేతులు వణుకుతాయి. పండ్లు నానబెట్టాలన్నది జ్ఞాపకమున్నది. ఎంతసేపో, చక్కెర ఎప్పుడు వేయాలో జ్ఞాపకం లేదు. నానీ చేతి పద్ధతి పూర్తిగా తెలిసినవారు ఇప్పుడు ఒక్కరే మిగిలారు. షాలిబండలో ఉంటున్న మా ఖాలా. అమ్మీ, ఖాలా మాట్లాడుకోక తొమ్మిదేళ్లయింది.

కారణం చెప్పుకుంటే చాలా చిన్నది. నానీ ఇల్లు అమ్మినప్పుడు మరమ్మతుల ఖర్చును అమ్మీ తన చేతినుంచి పెట్టింది. ఆ ఖర్చుకు లెక్క చూపమని ఖాలా అడిగింది. అడగడంలో తప్పు లేదు. "నా మీద నమ్మకం లేదా?" అని అమ్మీ అన్నది. అందులో సైతం తప్పు లేదు. ఆ తరువాత ఇద్దరూ అన్న మాటలే తప్పు. పిల్లలమైన మేము పండుగలకు ఫోన్లు చేసుకుంటూనే ఉన్నాం. పెద్దవారిద్దరు మాత్రం ఒకరి క్షేమం మరొకరు మా నోటినుంచే వింటూ వచ్చారు.

దుకాణంలోని పెద్దాయన రెండు రకాలు చూపించారు. ఒకటి నిగనిగలాడే నారింజరంగు పండు. మెత్తగా, గింజ తీసి ఉన్నది. రంగు చెడకుండా దానికి గంధకపు పొగ పడతారు. ఉబ్బసం ఉన్నవారికి అది పడకపోవచ్చు. రెండవది నేను వెతుకుతున్నది: చిన్న ఉసిరికాయంత, తాటిబెల్లం రంగు, గట్టిగా, లోపల గింజతో. ఎండలో తనంత తాను ఎండిన పండు ఇలాగే గోధుమరంగుకు తిరుగుతుంది. "చూపుకు అది, నోటికి ఇది" అన్నారాయన నవ్వుతూ. కిలో తీసుకున్నాను.

ఈ పండు మన నేలది కాదు. జల్దారు చెట్టుకు గట్టి చలికాలం కావాలి. ఆకులు రాల్చి కొన్ని వారాలు చలిలో నిద్రపోతేగాని వసంతంలో అది పూయదు. దక్కను పీఠభూమి ఎండలకు దానికి ఆ నిద్ర దొరకదు. మన దేశంలో దాని ఇల్లు లడఖ్, కాశ్మీరు. అక్కడి లోయల్లో ఏప్రిల్ నెలలో చెట్లన్నీ తెల్లగా, లేత గులాబీగా పూస్తాయి. జూలై, ఆగస్టులలో పండ్లు కోసి ఇళ్ల కప్పుల మీద, బండల మీద ఎండబెడతారు. లడఖీలో దీనిని చులీ అంటారు. అక్కడి తెల్లగింజ రకమైన రక్త్సే కార్పోకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. సరిహద్దుల అవతల హుంజా, ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, తుర్కియే దేశపు మలత్యా వరకు ఈ పండుదే రాజ్యం.

మరి ఒక్క చెట్టు సైతం లేని చోట అది పెళ్లివిందు తీపి ఎలా అయింది? ఎండిన పండు బరువు తక్కువ, నిలువ ఎక్కువ. ఎంత దూరమైనా ప్రయాణించగలదు. గోల్కొండ రాజ్యానికి పునాది వేసిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఆ రాజ్యానికి రేవైన మచిలీపట్నం నుంచి ఓడలు పారసీక తీరానికి వెళ్లి వచ్చేవి. మనుషులతోపాటు భాష, దుస్తులు, వంటలు సైతం వస్తాయి. 1591లో హైదరాబాదు నగరం వెలసిన తరువాత ఆ వచ్చినవన్నీ ఇక్కడి నీటిలో నాని ఇక్కడివైపోయాయి. ఖూబానీ కథ కూడా ఇంతకంటే వేరు కాదు.

సంచి చంకన పెట్టుకుని నయాపుల్ దాటాను. వెనుక కుడివైపున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, ముందు కుడివైపున హైకోర్టు, ఎడమవైపున సాలార్‌జంగ్ మ్యూజియం. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఈ ఒడ్డులను ఊడ్చుకుపోయింది. అప్పుడు విరిగిన నగరాన్ని తిరిగి కట్టే రోజుల్లో లేచినవే ఆసుపత్రి, హైకోర్టు భవనాలు. ఇప్పుడు కింద సన్నని నీరు తప్ప ఏమీ లేదు. మదీనా కూడలి, పత్తర్‌గట్టి, చార్ కమాన్ తోరణాలు, నడుమ గుల్జార్ హౌజ్, ఆపై చార్మినార్. చిన్నతనంలో అమ్మీ, ఖాలా చెరొక చెయ్యి పట్టుకుని నన్ను ఈ దారిలోనే గాజులకోసం తీసుకువెళ్లేవారు. మక్కా మసీదు మెట్ల ముందు పావురాలు ఒక్కసారిగా లేస్తే నేను ఇద్దరి బుర్ఖాల మధ్య దాక్కునేదాన్ని. ఇప్పుడు ఒక్కదాన్నే నడుస్తున్నాను. షాలిబండ చేరేసరికి అసర్ నమాజు వేళయింది.

ఖాలా తలుపు తీసి సలాముకు జవాబిచ్చి, నా చేతిలోని సంచిని చూసింది. విప్పకుండానే వేళ్లతో నొక్కి, "గింజ ఉన్నవే తెచ్చావు" అన్నది. తరువాత కొంతసేపటికి, "ఆపా పంపిందా?" అని అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాను. "అమ్మీకి తెలియదు ఖాలా. బజారుకు వెళుతున్నానని మాత్రమే చెప్పి వచ్చాను. ఆదివారం విందుకు నానీ చేసిన ఖూబానీ కావాలని అడిగింది. నాకు చేతకాదు."

ఖాలా ఏమీ అనలేదు. టీ పెట్టింది. టీ తాగిన తరువాత కొలతలు మొదలుపెట్టింది.

"ముందు పావు కిలో చేసి చూపిస్తాను. మిగిలింది నీవు ఇంటికి వెళ్లి చేద్దువు. ఒకసారి చూసినది చేతికి రాదు, ఒకసారి చేసినది పోదు."

పాఠకులకు సైతం ఆ పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. పావు కిలో పండ్లు ఆరుగురికి సరిపోతాయి.

ఎండలో ఎండిన పండు కాబట్టి ముడతల్లో దుమ్ము, ఇసుక ఉంటాయి. మూడుసార్లు చల్లని నీటిలో కడగాలి. ఆ తరువాత ముప్పావు లీటరు మంచినీటిలో వేసి మూత పెట్టి రాత్రంతా నాననివ్వాలి. ఎనిమిది నుంచి పది గంటలు. వేడినీళ్లు పోస్తే త్వరగా అవుతుంది కదా అని అడిగాను. "పై తోలు మెత్తబడుతుంది, లోపల నిన్నటిలాగే ఉంటుంది. తొందరపడినవారి ఖూబానీ అలాగే ఉంటుంది" అన్నది ఖాలా.

ఆ రాత్రి ఇషా తరువాత పండ్లు నీటిలో వేసి పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. వంటింట్లో, మూత కింద, మరో దేశపు ఎండలో ఎండిన పండు నిశ్శబ్దంగా నీరు తాగుతున్నది. ఎండుపండ్లను నీటిలో నానబెట్టి తీపి చేసుకోవడం ముస్లిం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. పారసీలో ఖోషాబ్ అంటే మంచినీరు, రుచికరమైన నీరు. అదే మాట తుర్కీలో హోషాఫ్‌గా, ఈజిప్టులో ఖుషాఫ్‌గా మారింది. రమజాన్‌లో ఈజిప్టువాసులు ఖూబానీ, అంజీర్, కిస్మిస్ నానబెట్టిన ఖుషాఫ్‌తో ఇఫ్తార్ చేస్తారు. సిరియాలో ఖూబానీ గుజ్జును పలుచని రేకులుగా ఎండబెట్టి 'ఖమరుద్దీన్' అంటారు. దానిని నీటిలో కరిగించి తాగుతారు. అరబ్బీలో ఈ పండు పేరు మిష్‌మిష్. చెట్టు మీద అది నిలిచేది కొద్దిరోజులే. అందుకే ఈజిప్టులో జరగని పనికి 'రేపు, మిష్‌మిష్ కాలంలో' అనే సామెత పుట్టింది. మా ఇంట్లో సైతం తొమ్మిదేళ్లుగా అందరం అదే అంటున్నాం. రేపు మాట్లాడుకుంటారు, వచ్చే పండుగకు కలుస్తారు అని.

ఫజర్ తరువాత మూత తీసి చూస్తే పండ్లు ఉబ్బి రెండింతలయ్యాయి. నీరు తేనెరంగుకు తిరిగింది. "ఈ నీరు పారబోయకు. రుచి సగం ఇందులోనే దిగింది" అన్నది ఖాలా. ఒక్కొక్క పండును రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే గింజ జారి బయటికి వస్తుంది. గింజలను వేరే గిన్నెలో వేసి, పండును అదే నీటితో మందపాటి గిన్నెలో పెట్టి సన్నని మంట మీద ఉడికించాలి. మూత ఓరగా ఉంచాలి. పాతిక నిమిషాలకు పండు గరిటె తగిలితే విడిపోయేంత మెత్తబడుతుంది. చక్కెర వేయవలసింది అప్పుడే, అంతకుముందు కాదు. పండు మెత్తబడకముందే చక్కెర పడితే తోలు బిగుసుకుంటుంది. ఆపైన ఎంతసేపు ఉడికించినా విడవదు. పావు కిలో పండ్లకు నూరు గ్రాముల చక్కెర చాలు. విందుల్లో దీనికి రెట్టింపు వేస్తారు. అప్పుడు తెలిసేది చక్కెర రుచే. పండులోని పులుపు దాని కింద అణగిపోతుంది.

చక్కెర కరిగిన తరువాత సగం పండ్లను గరిటె వెనుకభాగంతో మెదిపి, సగాన్ని అలాగే వదిలివేయాలి. మూడు ఏలకులను దంచి వేయాలి. చిన్న దాల్చినచెక్క ముక్క ఉడుకుతున్నప్పుడే వేసి దించేముందు తీసివేయాలి. రెండు చెంచాల గోరువెచ్చని పాలలో నానబెట్టిన చిటికెడు కుంకుమపువ్వును మంట ఆపిన తరువాతే కలపాలి. చివరగా నాలుగు చుక్కల నిమ్మరసం. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కనుక కొంచెం పలుచగా ఉన్నప్పుడే దించాలి. ఫ్రిజ్‌లో పెడితే మూడు, నాలుగు రోజులు నిలుస్తుంది. రెండవరోజు రుచి మొదటిరోజుకంటే మిన్న.

మిగిలినది గింజల పని. వంటలోకెల్లా ఓపిక కావలసింది ఇక్కడే. ఖాలా కల్వం తెచ్చి నేలమీద కూర్చున్నది. గింజను పడుకోబెట్టి కొడితే లోపలి పప్పు నలిగిపోతుంది. అంచు మీద నిలబెట్టి, పైఅంచున ఒక్క దెబ్బ కొట్టాలి. పెంకు రెండుగా విడిపోయి బాదంపప్పు వంటి చిన్న పప్పు బయటపడుతుంది. వాటిని వేడినీటిలో పది నిమిషాలు ఉంచి తోలు తీయాలి. ప్రతి కాయనుంచి వచ్చిన పప్పును కొద్దిగా కొరికి చూడటం మరువవద్దు. తియ్యనివే వాడాలి. చేదుగా ఉన్నవాటిని నిర్దాక్షిణ్యంగా పారవేయాలి. చేదు పప్పులో ఉన్న పదార్థం కడుపులో విషంగా మారుతుంది. సంచిలో రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి కనుక పిల్లలకు పప్పులు ఇచ్చేవారు ఈ జాగ్రత్త తప్పక పాటించాలి. మాకు ఆ రోజు చేదుది ఒక్కటీ తగలలేదు.

ఖాలా పప్పులన్నీ పళ్లెంలో పరిచి లెక్కపెట్టింది. ముప్పయ్యేడు. ఒక నిమిషం వాటిని చూస్తూ ఉండిపోయింది.

"మా అమ్మ ఖూబానీ చేసిన రోజున పప్పులు మా ఇద్దరికే. నేను చిన్నదాన్ని, అయినా నాకు ఒక్కటి సైతం ఎక్కువ ఇచ్చేది కాదు. ఆపా పెద్దది, తనకు సైతం ఎక్కువ లేదు. బేసి సంఖ్య వస్తే చివరిదాన్ని గోటితో చీల్చేది."

అంటూనే పప్పులను రెండు కుప్పలు చేసింది. పద్దెనిమిది, పద్దెనిమిది. మిగిలిన ఒక్కదానిని గోటితో రెండు బద్దలుగా చీల్చి చెరొక కుప్పలో పెట్టింది. ఒక కుప్పను మా గిన్నెల్లోని ఖూబానీ మీద చల్లింది. రెండవదానిని శుభ్రమైన కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

"ఇది ఆపాకు."

"ఏమైనా చెప్పమంటారా ఖాలా?"

"లెక్క సరిపోయిందని చెప్పు" అన్నది. అని వెంటనే, "వద్దు, ఏమీ చెప్పకు. పొట్లం ఇవ్వు చాలు" అన్నది.

మధ్యాహ్నపు బస్సెక్కాను. షాద్‌నగర్, జడ్చర్ల, అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్ర వంతెన మీదికి వచ్చేవరకు ఆ పొట్లం చేతిసంచి పైఅరలోనే ఉన్నది. తెలియకుండా వెళ్లినందుకు అమ్మీ కోపగిస్తుందేమోనని దారిపొడవునా భయపడ్డాను. ఇంటికి చేరగానే దాచకుండా చెప్పివేశాను. అమ్మీ ముఖం గట్టిపడింది. పొట్లం తీసుకుని పక్కన పెట్టి తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చున్నది.

రాత్రి మగ్రిబ్ తరువాత చూస్తే పొట్లం విప్పి ఉన్నది. పప్పులన్నీ అరచేతిలో పోసుకుని వణికే వేలితో ఒక్కొక్కదాన్నే జరుపుతున్నది. చివరి బద్దను పట్టుకుని దీపం వెలుగులో చూసింది. నన్ను ఏమీ అడగలేదు.

శనివారం రాత్రి మిగిలిన ముప్పావు కిలో నానబెట్టాను. ఆదివారం తెల్లవారుజామున అమ్మీ వచ్చి పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నది. పండు మెత్తబడిందని గరిటెతో చూపించేవరకు చక్కెర డబ్బా నా చేతికి ఇవ్వలేదు. ఆ సంగతి తనకు జ్ఞాపకం వచ్చినట్టున్నది. కుంకుమపువ్వు కలిపినప్పుడు ఆవిరిలో లేచిన వాసనకు కళ్లు మూసుకుని, "మా ఇల్లు" అన్నది. అమ్మిన ఇల్లు సంగతి ఆమె నోట వచ్చి చాలా ఏళ్లయింది.

వియ్యాలవారు వచ్చారు, తిన్నారు, మెచ్చుకున్నారు. మాటలు ఖాయమయ్యాయి, అల్ హమ్దులిల్లాహ్. మధుమేహం కారణంగా అమ్మీ రెండు చెంచాలే రుచి చూసి, "చక్కెర తక్కువ వేసింది. ఎప్పుడూ అంతే, దానికి పులుపు తెలియాలి" అన్నది. వేసినది నేను. నేర్పినది ఎవరో ఆమెకు తెలుసు.

సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే అమ్మీ పిలిచింది. ఉదయం కొట్టిన గింజల పప్పుల్లో వంట మీద చల్లగా మిగిలినవి ఆమె ముందు పళ్లెంలో రెండు కుప్పలుగా ఉన్నాయి. ఒక కుప్పను నిన్నటి కాగితంలోనే మళ్లీ పొట్లం కడుతున్నది.

"ఇది షాలిబండకు."

"పంపిస్తాను అమ్మీ. ఎవరైనా అటు వెళుతుంటే..."

"ఎవరిచేతనో పంపడమేమిటి? నిఖా పిలుపు చేతికి ఇచ్చి చెప్పవలసినది. పెద్దదాన్ని నేనుండగా అది ఫోన్‌లో విని వస్తుందా?" అన్నది అమ్మీ. కొంచెం ఆగి, "బస్సులో నాకు కిటికీ పక్కన సీటు చూడు" అన్నది.

వచ్చే గురువారానికి రెండు టికెట్లు తీసుకున్నాను.